పక్షవాతం వచ్చిన 88 ఏళ్ల అమ్మమ్మకి ఫిజియోథెరపీ దండగ అంటున్నారు. నిజమేనా?

తెనాలి_మనవరాలు
మా అమ్మమ్మకి 88 ఏళ్లు. పోయిన నెల ఎడమ పక్క పడిపోయింది. గుంటూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాం. మెదడులో రక్తనాళం మూసుకుపోయిందన్నారు. వారం దాటాక డిశ్చార్జ్ చేసి బీపీ మాత్ర, రక్తం పలచబడే మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర రాసిచ్చారు. ఫిజియోథెరపీ ఊసే లేదు. అడిగితే డ్యూటీ డాక్టరు "ఈ వయసులో ఇంకేం చేయిస్తారమ్మా, ఇంటికి తీసుకెళ్లి బాగా చూసుకోండి" అన్నాడు.

పక్క మంచం మీద యాభై దాటినాయన ఉండేవాడు, అదే జబ్బు. ఆయన దగ్గరికి రోజూ ఫిజియో వచ్చి కూర్చోబెట్టి, నిలబెట్టి వెళ్లేవాడు. అమ్మమ్మ అదంతా చూస్తూ "నాకెప్పుడు చేస్తారే?" అని అడిగేది. నా దగ్గర జవాబు లేదు.

పడిపోయే ముందు వరకు తన బట్టలు తనే ఉతుక్కునేది. పూలు కోసి మాల కట్టేది. సాయంత్రం గుడికి ఒక్కతే వెళ్లి వచ్చేది. ఇప్పుడు ఎడమ చెయ్యి అసలు కదలడం లేదు, కాలు కాస్త కదులుతోంది. మాట బాగానే ఉంది కానీ నీళ్లు తాగితే దగ్గు వస్తోంది. మావయ్యలేమో "పెద్ద ప్రాణం, ఇంకా హింస పెట్టకండి" అంటున్నారు. ఆమె మళ్లీ గుడిదాకా నడవాలని నేను అనడం లేదు. లేచి కూర్చుని తన చేత్తో తను తిని, డైపర్ లేకుండా బాత్రూమ్‌కి వెళ్లగలిగితే చాలు. ఇన్నేళ్లు దాటితే చెయ్యకూడదని ఎక్కడైనా రూల్ ఉందా? ఖర్చు ఎవరిస్తారు?

కృష్ణలంక_బాబాయ్
మీ మావయ్యల మాట తీసిపారేయకమ్మా. మా నాన్నకి 90లో వచ్చింది. ఫిజియో అబ్బాయి వస్తున్నాడంటేనే ఆయన కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. కాళ్లు వంచుతుంటే అరిచేవాడు. చివరికి మేమే మాన్పించాం. అందరికీ అన్నీ కుదరవు.

పాలమూరు_పిల్లోడు
బాబాయ్, మీ నాయన వద్దన్నడు, మాన్పించిన్రు. ఇక్కడ అమ్మమ్మనే "నాకెప్పుడు" అని అడుగుతున్నది కదా. రెండూ ఒకటెట్లయితయి?

ఫిజియో_వరంగల్
వయసు మీద పైహద్దు ఏ రూల్‌లోనూ లేదు. పక్షవాతం వచ్చినవాళ్లని విడిగా ఒక వార్డులో పెట్టి డాక్టరు, నర్సు, ఫిజియో, మాట నేర్పేవాళ్లు కలిసి చూస్తే ఫలితం బాగుంటుందని ఎన్నో పరిశోధనలు కలిపి చూసి తేల్చారు. ఆ మేలు ముసలివాళ్లకీ ఉంది. 

నేను కొత్త పేషెంటు ఇంటికి వెళ్తే పుట్టిన సంవత్సరం కన్నా ముందు, "పడిపోవడానికి వారం ముందు ఏమేం చేసుకునేవారు?" అని అడుగుతాను. బట్టలు ఉతుక్కుని, గుడికి నడిచిన 88 ఏళ్ల మనిషి, షుగరు, కిడ్నీ, మోకాళ్లతో అప్పటికే మంచాన ఉన్న 65 ఏళ్ల మనిషి కన్నా బాగా కోలుకోవచ్చు. మీ అమ్మమ్మకి మాట ఉంది, చెప్పింది అర్థమవుతోంది, కాలు కదులుతోంది, చేయించుకోవాలని తనకే ఉంది. ఇంతకన్నా మంచి పేషెంటు ఎవరు?

మొదటి మూడు నెలల్లో కోలుకోవడం ఎక్కువగా ఉంటుంది. మీకు ఇప్పటికే నెల గడిచింది, కాబట్టి ఇంట్లో వాదన తేలేదాకా ఆగకండి. పెద్దవాళ్లకి ఒకేసారి గంట చేయిస్తే అలిసిపోతారు. పది, పదిహేను నిమిషాల చొప్పున రోజులో నాలుగైదుసార్లు చేయించాలి. ముందు మంచం మీద అటూ ఇటూ దొర్లడం, తర్వాత అంచున కాళ్లు వేలాడేసి కూర్చోవడం, తర్వాత పట్టుకుని నిలబడడం, కుర్చీలోకి మారడం. డైపర్ పోవాలంటే ఈ నాలుగూ రావాలి, ఇవి రావడానికి నడక అక్కర్లేదు.

ఈ రోజు నుంచే ఒక జాగ్రత్త. లేపేటప్పుడు ఆ ఎడమ చెయ్యి పట్టుకుని లాగకండి, చంకలో చెయ్యేసి ఎత్తకండి. కండరాల పట్టు లేని భుజం కీలు జారుతుంది. ఆ నొప్పి మొదలైతే ఇక దగ్గరికి రానివ్వరు. బాబాయ్ గారూ, మీ నాన్నగారి బాధలో కొంత ఇదే కావచ్చు. నొప్పికి మందివ్వకుండా బిగుసుకున్న కాలు వంచితే ఎవరైనా అరుస్తారు. అది చేసే పద్ధతిలో లోపం, ఆయన వయసుది కాదు.

కృష్ణలంక_బాబాయ్
కావచ్చు. ఆ మాట మాకు అప్పుడు చెప్పినవాళ్లు లేరు.

న్యూరో_పీజీ
వయసు రూల్ గురించి ఒక్క మాట. గడ్డని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లో ఇవ్వాలని చాలామందికి తెలుసు. ఆ మందుకి యూరప్‌లో మొదట ఇచ్చిన అనుమతి 80 ఏళ్ల లోపువాళ్లకే. పెద్దవాళ్లని ట్రయల్స్‌లోకి సరిగా తీసుకోలేదు, కాబట్టి ఆధారం లేదు, కాబట్టి ఇవ్వొద్దు అన్నట్టు నడిచింది. 2012లో వచ్చిన ఐఎస్‌టీ-3 అనే ట్రయల్‌లో 3,035 మందిని తీసుకుంటే సగానికి పైగా 80 దాటినవాళ్లే. వాళ్లకి వచ్చిన మేలు చిన్నవాళ్ల కన్నా తక్కువేం కాదని తేలింది. రిహాబ్ (ఫిజియో లాంటి కోలుకునే చికిత్స) విషయంలోనూ అదే చక్రం తిరుగుతోంది. పెద్దవాళ్లని పంపరు, పంపలేదు కాబట్టి కోలుకోరు, కోలుకోలేదు కాబట్టి "చూశారా, దండగ" అంటారు.

గోదారి_గట్టు
మా వైపు పక్షవాతానికి పావురం రక్తం రాస్తారు, పసరు మందు కూడా ఇస్తారు. మా పెద్దమ్మకి చేయించాం, చెయ్యి వచ్చింది. ఫిజియోతో పాటు అదీ చూడండి. మంచి మనసుతోనే చెప్తున్నాను.

నల్గొండ_నర్సు
మీ మనసు మంచిదే అన్నా, కానీ దయచేసి ఆ సలహా ఇవ్వకండి. మొదటి నెలల్లో కొంత కదలిక దానంతట అదే వస్తది, ఆ పేరు మందుకు పోతది. పసరు తాగించేటోళ్లు బీపీ మాత్రలు ఆపమంటరు, రెండోసారి స్ట్రోక్ వచ్చి మా దగ్గరికే తెస్తరు. నూనెతో మెల్లగ మర్దన చేస్తే తప్పు లేదు. వేడి ఇటుకతో, ఇసుక మూటతో కాపడం మాత్రం వద్దు. స్పర్శ తెల్వని చెయ్యి కాలినా మనిషికి తెల్వదు. అట్ల బొబ్బలొచ్చినోళ్లని చూసిన.

తెనాలి_మనవరాలు
పసరు మాట మా ఇంట్లోనూ వచ్చింది, నేను ఒప్పుకోలేదు. ఫిజియో గారూ, ఎడమ చెయ్యి లాగే లేపుతున్నాం. ఈ రోజుతో ఆపేస్తాం. ఇంతకీ డబ్బుల సంగతి? ఇంటికొచ్చే ఫిజియో ఒక్కసారికి 600 అంటున్నాడు. రోజూ అంటే మావయ్యలు లెక్కలు వేస్తున్నారు.

లెక్కల_మాస్టారు
డబ్బు సంగతి విడివిడిగా చెప్తాను, ఎందుకంటే అందరూ "కార్డు ఉంది కదా" అనుకుని మోసపోయేది ఇక్కడే.

70 దాటినవాళ్లందరికీ ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు. 2024 అక్టోబరు 29న మొదలైంది. ఏడాదికి 5 లక్షల దాకా, ఆధార్ ఉంటే చాలు. మీ అమ్మమ్మకి లేకపోతే వెంటనే తీయించండి. ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో 10 లక్షలకి పెంచిన రాజీవ్ ఆరోగ్యశ్రీ వేరే ఉన్నాయి. కానీ ఇవన్నీ ప్రధానంగా ఆస్పత్రిలో పడుకున్న రోజులకి. ఆయుష్మాన్‌లో డిశ్చార్జ్ తర్వాత 15 రోజుల దాకా మాత్రమే. పక్షవాతానికి అసలు పని మొదలయ్యేది ఇంటికొచ్చాక. ఆ నెలల ఖర్చు ఏ కార్డూ మొయ్యదు.

ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు పాలసీ కాగితంలో మినహాయింపుల పేజీ తియ్యండి. ఎక్స్‌క్లూజన్ 05 అని ఉంటుంది. విశ్రాంతి కోసం, రిహాబ్ కోసం, సంరక్షణ కోసం చేరితే ఇవ్వమని దాని సారం. అన్ని కంపెనీలకీ ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన ఒకటే భాష అది. అయితే చాలా పాలసీల్లో డిశ్చార్జ్ తర్వాత 60 రోజుల ఖర్చు, కొన్నిట్లో ఇంకా ఎక్కువ రోజులది ఇస్తారు. అదే జబ్బుకి డాక్టరు రాసిన ఫిజియో బిల్లులు అందులో పెట్టుకోవచ్చు. కీలకం ఆ "డాక్టరు రాసిన" దగ్గరే ఉంది. డిశ్చార్జ్ సమ్మరీలో ఫిజియోథెరపీ అన్న మాట లేకపోతే క్లెయిమ్ కొట్టేస్తారు. కాబట్టి ఆస్పత్రికి మళ్లీ వెళ్లి రాయించుకోండి. రివ్యూకి ఎలాగూ వెళ్తారు కదా, అప్పుడు సంతకం లేకుండా బయటికి రావద్దు.

పాలమూరు_పిల్లోడు
ఆస్పత్రోళ్లు రాయకుంటే?

లెక్కల_మాస్టారు
ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి ఫిజియోథెరపీ విభాగానికి ఓపీ చీటీ తీసుకుని వెళ్లొచ్చు. వాళ్లు చూసి రాస్తారు. ఇన్సూరెన్స్‌కి ఆ కాగితం సరిపోతుందో లేదో కంపెనీని బట్టి ఉంటుంది, చికిత్స మాత్రం మొదలవుతుంది.

నల్గొండ_నర్సు
సర్కారు దవాఖానలను మర్చిపోవద్దు. వృద్ధుల కోసం జాతీయ కార్యక్రమం 2010-11 నుంచే ఉంది. దాని ప్రకారం జిల్లా ఆస్పత్రిలో పెద్దోళ్లకు పది మంచాల వార్డు, ఫిజియోథెరపీ ఉండాలి. మంచాన పడ్డోళ్ల ఇంటికి పోయి చూడాలని కూడా అందులోనే ఉంది. అంతటా ఒక్క తీరు లేదు, కొన్ని చోట్ల మెషీన్లు ఉంటయి, మనిషి ఉండడు. అయినా అడగాలె. అడిగేటోళ్లు లేరని పోస్టు ఖాళీగ పెడ్తరు. తెలంగాణలో అయితే జిల్లా పాలియేటివ్ (నొప్పి, బాధ తగ్గించే) కేంద్రం నుంచి "ఆలన" బండి ఊర్లకు వస్తది. క్యాన్సరోళ్లకే అనుకుంటరు, మంచాన పడ్డ పక్షవాతం వాళ్లను కూడా అడిగి చూడండి.

మనవరాలూ, రెండు గంటలకొకసారి పక్క మార్చుతున్నరా? నడుము కింద, మడమల దగ్గర ఎర్రగ అయిందేమో రోజు చూడు. పుండు పడితే ఫిజియో ఆగిపోతది.

అక్షర_స్పీచ్
అందరూ కాళ్లూ చేతుల గురించే మాట్లాడుతున్నారు. నీళ్లు తాగితే దగ్గు వస్తోందన్న మాట నన్ను భయపెట్టింది. పక్షవాతం వచ్చినవాళ్లలో సగం మందికి దగ్గర దగ్గరగా మొదట్లో మింగడం ఇబ్బందవుతుంది. తిన్నదీ తాగిందీ ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. పెద్దవాళ్ల ప్రాణం తీసేది చాలాసార్లు అదే. మాటలు నేర్పే స్పీచ్ థెరపిస్టే మింగడం కూడా పరీక్ష చేస్తారని ఎక్కువమందికి తెలియదు. మాట బాగుంది కదా అని పంపరు.

పరీక్ష అయ్యేదాకా: పడుకోబెట్టి ఏదీ పెట్టకండి. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉంచి, చిన్న చెంచాతో పెట్టండి. తిన్నాక అరగంట కూర్చోనివ్వండి. చారన్నం, మజ్జిగన్నం మనకి తేలిగ్గా అనిపిస్తాయి కానీ నీళ్లూ మెతుకులూ కలిసి ఉన్నది మింగడం వాళ్లకి కష్టం. బాగా మెత్తగా చిక్కగా పిసికిన పెరుగన్నం, చిక్కటి రాగి జావ నయం. నోరు రోజుకి రెండుసార్లైనా శుభ్రం చెయ్యండి, పళ్లు లేకపోయినా సరే.

ఇంకోటి. ఎడమ పక్క పడితే దెబ్బ తగిలింది మెదడు కుడివైపు. అలాంటివాళ్లలో కొందరికి ఎడమవైపు ప్రపంచమే లేనట్టు ఉంటుంది. కంచంలో కుడి సగం తిని చాలంటారు. ఆకలి తగ్గిందనుకుంటాం. కంచం తిప్పి చూడండి.

తెనాలి_మనవరాలు
అక్షర గారూ! కంచంలో సగం వదిలేస్తోంది. నిజంగా ఎడమ సగమే. "తినబుద్ధి కావట్లేదేమో పాపం" అనుకుంటున్నాం అందరం. ఇప్పుడే తిప్పి పెట్టాను, మిగతాది కూడా తినేసింది. పైగా "ఇందాక ఈ వంకాయ కూర ఎందుకు పెట్టలేదు" అని మా అమ్మని కోప్పడింది.

గోదారి_గట్టు
కోప్పడుతోందంటే బాగానే కోలుకుంటుంది. మా పెద్దమ్మ కూడా తిట్టడం మొదలెట్టిన రోజే మేం స్వీట్లు పంచాం.

న్యూజెర్సీ_సుబ్బు
ఇక్కడి సంగతి కొంచెం చెప్తాను. 65 దాటినవాళ్లకి మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంటుంది. పక్షవాతం తర్వాత రిహాబ్ ఆస్పత్రిలో చేర్చాలంటే మామూలుగా రోజుకి 3 గంటలు, వారానికి 5 రోజులు థెరపీ తట్టుకోగలగాలి. మా అత్తగారి లాంటి 86 ఏళ్లవాళ్లు అక్కడే ఆగిపోతారు. అప్పుడు నర్సింగ్ కేంద్రానికి పంపుతారు, అక్కడ మెడికేర్ 100 రోజుల దాకా ఇస్తుంది కానీ పూర్తి ఖర్చు మొదటి 20 రోజులకే. గ్రీన్ కార్డు మీద వచ్చిన తల్లిదండ్రులకైతే ఐదేళ్లు గడిస్తేగానీ మెడికేర్ కొనుక్కునే వీలే లేదు.

కృష్ణలంక_బాబాయ్
అమెరికా కబుర్లు మాకెందుకు సుబ్బూ, తెనాలిలో ఏం చెయ్యాలో చెప్పు.

న్యూజెర్సీ_సుబ్బు
ఎందుకంటే అక్కడి మావయ్యల మాటా, ఇక్కడి ఇన్సూరెన్స్ మాటా ఒకటే బాబాయ్, "ఇంక మెరుగు కనపడటం లేదు, ఆపేద్దాం" అని. దాని మీద ఇక్కడ కోర్టుకెళ్లారు. జిమ్మో కేసు అంటారు, 2013లో సెటిల్ అయింది. మెరుగవుతున్నారా లేదా అన్నది కొలమానం కాకూడదు, ఉన్న శక్తి జారిపోకుండా నిపుణుల థెరపీ అవసరమైతే అదీ ఇవ్వాలి అని తేలింది. 88 ఏళ్ల మనిషికి ఉన్నది నిలబెట్టడం కూడా చికిత్సే. తెనాలిలో కావాల్సింది కూడా ఇదే వాదన.

రిటైర్డ్_పోస్ట్‌మాస్టర్
నాకు 84. ఐదేళ్ల కిందట కుడి పక్క పడిపోయింది. ఇక్కడ రాస్తున్నవాళ్లలో ఆ మంచం మీద పడుకున్నవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే, అందుకని చెప్తున్నాను.

మొదట్లో మాట రాలేదు. వినపడేది, అంతా అర్థమయ్యేది. నా మంచం పక్కనే నిలబడి మా బంధువులు "ఎన్నాళ్లు ఉంటాడో", "బాధ పెట్టకుండా పోతే బాగుండు" అనుకునేవాళ్లు. ప్రేమతోనే అన్నారు, నాకు తెలుసు. కానీ నన్ను అడిగినవాడు లేడు. మా కోడలు ఒక్కతే ఒక పలక తెచ్చి ఎడమ చేతికిచ్చి "మీకేం కావాలి మావయ్యా?" అంది. "కుర్చీ" అని రాశాను. మర్నాడు కుర్చీలో కూర్చోబెట్టారు. పడుకుంటే పైకప్పు తప్ప ఏమీ కనపడదు. కూర్చుంటే వాకిలి, వచ్చేపోయే మనుషులు, పేపరు, అన్నీ తిరిగి వస్తాయి. మీరు కూర్చోబెట్టడాన్ని చిన్న లక్ష్యం అంటున్నారు. అది చిన్నది కాదు.

థెరపీ నొప్పిగా ఉండేది. కొన్ని రోజులు వద్దన్నాను. వద్దన్న రోజు ఆపి, మర్నాడు మళ్లీ అడిగేవాళ్లు. అలా అడగడమే నాకు కావాల్సింది. మధ్యలో కొన్నాళ్లు ఊరికే ఏడుపొచ్చేది, దేనిమీదా మనసుండేది కాదు. అది కూడా ఈ జబ్బులో భాగమేనని డాక్టరు మందిచ్చాడు, తగ్గింది. ముసలాయన నీరసపడ్డాడని వదిలేసి ఉంటే ఇవాళ ఇది టైపు చేస్తూ ఉండేవాణ్ణి కాదు. ఎడమ చేత్తోనే చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

పాలమూరు_పిల్లోడు
పెద్దాయనా, ఒక్క తప్పు లేదు.

అమీర్‌పేట_కోడలు
పోస్ట్‌మాస్టర్ గారి కోడలికి దండం. కానీ ఇంకో కోడలిగా ఒక మాట చెప్పాలి. మా అత్తగారికి 91. రెండు గంటలకొకసారి పక్క మార్చాలి, నాలుగైదుసార్లు ఎక్సర్‌సైజులు, అరగంట కూర్చోబెట్టి తినిపించాలి... ఇవన్నీ చేసే చేతులు ఎవరివి? ఆఫీసు నుంచి వచ్చి నేనే చేస్తాను. పగటిపూట అటెండర్‌ని పెడితే నెల జీతంలో సగం పోతుంది. ఆస్పత్రిలో ఫిజియో ఒక్కసారి చూపించి "ఇలా ఇంట్లో చెయ్యండి" అని పంపేశాడు. నా నడుము పోయింది. కుటుంబం చూసుకుంటుంది అన్న మాట వెనక ఒక ఆడమనిషి ఉంటుంది.

ఫిజియో_వరంగల్
మీరన్నది పరిశోధనలో కూడా తేలింది. మన దేశంలోనే 14 ఆస్పత్రుల్లో 1,250 మందితో అటెండ్ అనే పెద్ద ట్రయల్ చేశారు, 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇంటివాళ్లకి నేర్పించి వాళ్లచేత చేయిస్తే ఫలితం మెరుగవుతుందా అని చూశారు. ఆరు నెలల తర్వాత చూస్తే మరణాల్లో గానీ, ఇతరుల మీద ఆధారపడటంలో గానీ తేడా లేదు. ఇంటివాళ్ల ప్రేమ తక్కువని దాని అర్థం కాదు. శిక్షణ పొందిన మనిషి చేసే పని కుటుంబం మీదకి నెట్టేస్తే సరిపోదనే నాకు అర్థమైంది. ఇంగ్లండ్‌లో చికిత్సా పద్ధతులు సూచించే నైస్ అనే సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకం, అవసరమైనవాళ్లకి రోజుకి కనీసం 3 గంటలు, వారానికి 5 రోజులు థెరపీ ఇవ్వమంటోంది, తట్టుకోలేనివాళ్లకి తగ్గించి ఇవ్వమంటోంది. మనకి చేతిలో పెట్టేది ఒక జిరాక్స్ కాగితం.

అమీర్‌పేట గారూ, ఎత్తేటప్పుడు మీ నడుము వంచకుండా మోకాళ్లు వంచండి. మంచం కింద ఇటుకలు పెట్టి మీ నడుము ఎత్తుకి తెచ్చుకోండి, వాళ్లని కూర్చోబెట్టేటప్పుడు మాత్రం పాదాలు నేలకి ఆనేలా పీట వెయ్యండి. జారే దుప్పటి ఒకటి నడుము కింద వేస్తే పక్క మార్చడం ఒక్కరికీ సాధ్యమే.

కృష్ణలంక_బాబాయ్
ఇదంతా చదివాక కూడా నా మాట పూర్తిగా వదలను. మా నాన్నకి మతిమరుపు ముదిరింది, మమ్మల్నే గుర్తుపట్టేవాడు కాదు, ఏడాది ముందు నుంచే మంచాన ఉన్నాడు. అలాంటి మనిషిని నిలబెడతామని పట్టుబట్టడం న్యాయమేనా?

ఫిజియో_వరంగల్
న్యాయం కాదు. అక్కడ లక్ష్యం వేరు. కీళ్లు బిగుసుకోకుండా, పుండు పడకుండా, నొప్పి లేకుండా ఉంచడం. దానికి కూడా ఫిజియోనే కావాలి, నిలబెట్టే ఫిజియో కాదు. ఎంత చెయ్యాలన్నది మనిషిని చూసి తేల్చాలి. ఆధార్ కార్డు మీద ఏడు చూసి తేల్చేస్తేనే నాకు అభ్యంతరం.

కృష్ణలంక_బాబాయ్
అది ఒప్పుకుంటాను.

తెనాలి_మనవరాలు
ఈ వారం సంగతులు. రివ్యూకి వెళ్లి పట్టుబట్టి రాయించాం. మొదట ఆ డాక్టరు విసుక్కున్నాడు. పడక ముందు ఏమేం చేసుకునేదో కాగితం మీద రాసుకెళ్లి చూపించాను, అప్పుడు చదివి సంతకం పెట్టాడు. ఫిజియో రోజు విడిచి రోజు వస్తున్నాడు, మధ్య రోజుల్లో మేం చేయిస్తున్నాం. ఇవాళ మంచం అంచున సొంతంగా కూర్చుంది, వెనక దిండు లేకుండా. పెద్ద మావయ్య పక్కనే ఉండి చూశాడు. మాట్లాడలేదు కానీ వచ్చే నెల ఫిజియో డబ్బులు తనే ఇస్తానని అమ్మకి ఫోన్ చేశాడట. మింగే పరీక్షకి గుంటూరు వెళ్లాలి.

ఇంకో సందేహం. సచివాలయంలో పింఛను మారుతుందని ఎవరో అన్నారు. నిజమా?

లెక్కల_మాస్టారు
నిజమే. ఎన్టీఆర్ భరోసాలో ఇప్పుడు వృద్ధాప్య పింఛను 4,000, వికలాంగులకి 6,000. పక్షవాతంతో పూర్తిగా మంచానికో వీల్ చెయిర్‌కో పరిమితమైనవాళ్లకి 15,000. 2024 జులై నుంచి ఈ రేట్లు. తెలంగాణలో వికలాంగుల పింఛను 4,016. ఆంధ్రాలో వైకల్యం పింఛనుకి సదరం, అంటే వైకల్యం ఎంతో తేల్చే ప్రభుత్వ పరీక్ష, చేసి సర్టిఫికెట్ ఇవ్వాలి. సచివాలయంలో స్లాట్ అడగండి.

అమీర్‌పేట_కోడలు
అంటే కోలుకుంటే పింఛను తగ్గుతుందా? అందుకని కొందరు థెరపీ మానేస్తారేమో కదా.

లెక్కల_మాస్టారు
ఆ భయం నేనూ విన్నాను. కూర్చోగలిగినంత మాత్రాన డబ్బు పోదు, వైకల్యం ఎంతో పరీక్షలో తేల్చాకే ఏ పింఛనో నిర్ణయిస్తారు. పింఛను కోసం మనిషిని మంచం మీద ఉంచెయ్యడం ఎంతమాత్రం సరి కాదు. ఆ డబ్బుతోనే ఫిజియోకి కట్టొచ్చు.

రిటైర్డ్_పోస్ట్‌మాస్టర్
సదరం శిబిరానికి వెళ్లేటప్పుడు డిశ్చార్జ్ సమ్మరీ, స్కాన్ రిపోర్టు, ఆధార్ అసలువీ జిరాక్సులూ రెండూ పట్టుకెళ్లమ్మా. ఉదయం తొందరగా వెళ్లండి, ఆమెకి తాగడానికి చిక్కటి జావ, ఒక మార్పు చీర, వీపుకి ఆనించడానికి దిండు ఉంచుకోండి. అక్కడ కూర్చోవడానికి మంచి కుర్చీ దొరకదు.

నల్గొండ_నర్సు
వీల్ చెయిర్ గేటు దగ్గరే అడగండి, లోపల ఉంటయి కానీ అడిగేదాక తేరు.